రెండో అంతస్తు ఇంగ్లండు

ఇంగ్లీషువారి మధ్య కొన్నాళ్ళు మసలితే ఇంగ్లీషు దానంతట అదే వస్తుందని మనలో చదువుకున్నవారూ చదువుకోనివారూ సమానంగా నమ్ముతారు. వ్యాకరణం అక్కరలేదు, నిఘంటువు అక్కరలేదు. జలుబు అంటుకున్నట్టు భాష కూడా మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందని ఈ నమ్మకం సారాంశం. ఎవరైనా పరీక్షించి చూశారా అని అడిగితే తమ మేనమామ కొడుకు సంగతి చెబుతారు. నాగావళి ఒడ్డున ఉన్న ఒక డిగ్రీ కళాశాల మాత్రం ఈ నమ్మకాన్ని పద్ధతి ప్రకారం పరీక్షించింది. విద్యార్థులు రెండు వందల నలభై మంది. వ్యవధి అరవై పనిదినాలు. స్థలం ఒక అంతస్తు.

ఈ పరీక్షకు మూలపురుషుడు ఆంగ్ల శాఖాధ్యక్షుడు డాక్టర్ ఆకెళ్ళ భువనేశ్వరరావు. ఆయన ఒక శిక్షణ నిమిత్తం ఇరవై ఒక్క రోజులు ఇంగ్లండులో ఉండి వచ్చారు. ఆ ఇరవై ఒక్క రోజులలో శిక్షణ గది బయట ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. మీదే ఊరు అనలేదు, పిల్లలెందరు అనలేదు, జీతమెంత అనలేదు. బస్సులో రోజూ పక్కనే కూర్చునే పెద్దమనిషి పదిహేను రోజులు నోరు విప్పక, పదహారో రోజున "ఇవాళ చలిగా ఉంది" అని దిగిపోయాడు. పార్కులో ఒకావిడ ఈయన ముఖం వైపు చూడనైనా చూడకుండా, ఈయన చేతిలో ఉన్న ఇంటి యజమానురాలి కుక్కతో పది నిమిషాలు మాట్లాడి వెళ్ళింది. ఇవన్నీ ఆయన తేదీలతో సహా డైరీలో రాసుకున్నారు. తిరిగి వచ్చాక పాఠ్యమండలి ముందు తన నిర్ధారణను ఉంచారు.

"మనవారికి ఆంగ్లం రాకపోవడానికి హేతువు మాట్లాడకపోవడమని ఇన్నాళ్ళూ భ్రమించాం. హేతువు అది కాదు. ఆంగ్లేయుల వలె ఊరుకోవడం మనకు చేతకాదు. ముందు సంస్కృతి, ఆ వెనుక భాష."

ప్రిన్సిపాల్ డాక్టర్ వేమకోటి నృసింహమూర్తి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన ఈ వాదనను ఆలకించి, "సదరు అంశాన్ని కూలంకషంగా పర్యాలోచించిన మీదట, తక్షణమే అమలు పరచవలసినదిగా భావించడమైనది" అన్నారు. పర్యాలోచన నాలుగు నిమిషాలు సాగింది.

కార్యక్రమానికి 'సాంస్కృతిక నిమజ్జనం' అని పేరు పెట్టారు. జంతుశాస్త్రం వారు ఖాళీ చేసిన రెండో అంతస్తును ఇంగ్లండుగా ప్రకటించి, మెట్ల పైభాగాన ఆ మేరకు బోర్డు తగిలించారు. ముప్పై రెండు సూత్రాల నియమావళి అచ్చయింది. మొదటి సూత్రం: పరిచయము కానివారు ఒకరితోనొకరు మాటలాడరాదు. రెండో సూత్రం: పరిచయమనగా ఉభయులనూ ఎరిగిన మూడవ వ్యక్తి చేయునది, తనను తాను పరిచయము చేసికొనుట చెల్లదు. తొమ్మిదో సూత్రం: పరిచయము లేకున్నను రోజుకొక్కసారి వాతావరణము చలిగా నున్నదని అనవచ్చును. ఒక్కొక్కరికి నూరు మార్కులు ముందే ఇస్తారు. ఉల్లంఘనకు ఒకటి చొప్పున తగ్గిస్తారు. నలభై కంటె తగ్గితే డిగ్రీ పట్టా నిలిపివేస్తారు.

సూక్ష్మజీవశాస్త్రం ఆఖరు సంవత్సరం చదువుతున్న బగాది ఢిల్లీశ్వరి ఈ నియమావళిని హాస్టల్ మంచం మీద కూర్చుని రెండుసార్లు చదివింది.

"ఓలె నీలవేణీ, మనల్ని వినాయకుణ్ణి సేసినట్టు నిమజ్జనం సేసెత్తారట."

"సెయ్యనీ. అరవై రోజులు నోర్మూసుకుంతే నూరు మార్కులట. నీకే కష్టం," అంది గదిలో ఉండే సీపాన నీలవేణి.

నిజానికి కష్టం ఢిల్లీశ్వరికే. మే నెలలో విశాఖపట్నం ఆసుపత్రి ఒకటి ఈ కళాశాల నుంచి ఒకే ఒక్క ల్యాబ్ టెక్నీషియన్‌ను తీసుకోబోతున్నది. రక్తపరీక్షల ఫలితాలను ఫోనులో డాక్టర్లకు ఇంగ్లీషులో చదివి వినిపించడం ఆ ఉద్యోగంలో సగం పని. ఆ ఉద్యోగం రాకపోతే జూన్ నుంచి ఆమె పలాసలో జీడిగింజలు వలిచే షెడ్డులో తల్లి పక్కన కూర్చోవాలి. పీట కూడా సిద్ధంగా ఉంది. జీడి జిగురుకు తల్లి వేళ్ళ మీద చర్మం నల్లబడి, గీతలు అరిగిపోయి, రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం ఆమెను గుర్తించడం మానేసి మూడేళ్ళయింది. ఢిల్లీశ్వరి తన వేళ్ళను మైక్రోస్కోపు కోసం అట్టే పెట్టుకోదలచింది. అందుకని ఏడాదిగా నీలవేణితో దారిపొడుగునా తప్పుల ఇంగ్లీషు మాట్లాడుతూ, తప్పులు ఒకటొకటిగా తగ్గించుకుంటూ వస్తున్నది.

ఇంగ్లండులో మొదటిరోజు రెండు వందల నలభై మంది వరుసలుగా కూర్చున్నారు. గోడ అలమరలలో జంతుశాస్త్రం వారు వదిలేసిన సీసాలలో కప్పలూ అలాగే ఉన్నాయి. ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ అనలేదు. ఉష్ణోగ్రత ముప్పై తొమ్మిది డిగ్రీలు. ఇరవై ఒకటో నిమిషాన ఢిల్లీశ్వరి పక్కకు వంగింది.

"ఇంతకీ మనమేటి సెయ్యాలే?"

భువనేశ్వరరావు పుస్తకం తెరిచి ఆమె పేరున మూడు మార్కులు తగ్గించారు. ఆమె లేచింది.

"సార్, అడిగినది ఒకటే గదా, మూడు తీసేసేరేటి?"

"మాటలు మూడున్నవి. ఇప్పుడు మరి ఆరు."

"అన్నాయం సార్! దగ్గొస్తే దగ్గుకి ఇన్నని లెక్కేస్తారేటి?"

ఈ అభ్యంతరం లిఖితపూర్వకంగా పాఠ్యమండలికి వెళ్ళింది. మండలి రెండు గంటలు చర్చించి, నోరు తెరచి మాట ప్రారంభించినప్పటి నుంచి మాట ఆగిపోయే వరకు, అది ఎంత సేపైనను, ఒకే ఉల్లంఘనగా పరిగణించాలని తీర్మానించింది. ఢిల్లీశ్వరికి మూడు దఫాలుగా తగ్గించిన పదిహేను మార్కులలో పన్నెండు తిరిగి వచ్చాయి. మిగిలిన మూడూ పోయాయి.

ఆమె తరువాతి ప్రయత్నం చట్టబద్ధంగానే చేసింది. నీలవేణిని వెంటపెట్టుకుని, తామిద్దరినీ పరిచయం చేయమని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"ఉభయులూ పరస్పరం ఎరుగుదురా?" అని నృసింహమూర్తి అడిగారు.

"ఎరగకపోడమేటి సార్? మూడేళ్ళ నుంచి ఒకే గదిలో ఉంతన్నాం. దీనికి గురక గూడా ఉంది."

"సార్, అబద్ధం సార్," అంది నీలవేణి.

"అది కింది అంతస్తు పరిచయం. పై అంతస్తుకు వర్తించదు."

"అయితే పైకొచ్చి మీరే పరిచయం సెయ్యండి సార్."

"నేను మిమ్మల్ని ఎరగను. హాల్ టికెట్ సంఖ్యలుగా మాత్రమే ఎరుగుదును. ముందుగా నన్ను మీకు ఎవరైనా పరిచయం చేయవలసి ఉంటుంది."

అదీ జరిగింది. భువనేశ్వరరావు ప్రిన్సిపాల్‌ను పైకి తీసుకువెళ్ళి రెండు వందల నలభై మందికీ ఒక్కొక్కరి చొప్పున పరిచయం చేశారు. అందుకు నాలుగు రోజులు పట్టింది. ఆ తరువాత పరిచయ విభాగం ఏర్పడింది. దరఖాస్తు మూడు ప్రతులలో ఇవ్వాలి. ప్రిన్సిపాల్ రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా ఇరవై జంటలను పరిచయం చేస్తారు. రెండు వందల నలభై మందిలో సాధ్యమైన జంటలు ఇరవై ఎనిమిది వేల ఆరు వందల ఎనభై. రోజుకు ఇరవై చొప్పున ఇది పద్నాలుగు వందల ముప్పై నాలుగు పనిదినాల పని, అంటే సుమారు ఆరున్నరేళ్ళు. గణితశాఖ ఈ లెక్కను కాగితం మీద వేసి పంపగా, "లెక్క సరిగానే యున్నది" అని రాసి ప్రిన్సిపాల్ సంతకం చేశారు. వరుస సంఖ్యలు చీటీలు తీసి నిర్ణయించారు. ఢిల్లీశ్వరి, నీలవేణిల దరఖాస్తుకు పదకొండు వేల రెండు వందల ఆరో సంఖ్య వచ్చింది. వారి పరిచయం ఐదు వందల అరవై ఒకటో పనిదినాన, వారు డిగ్రీ ముగించి వెళ్ళిన రెండేళ్ళ తరువాత జరుగుతుంది.

పంతొమ్మిదో రోజు నాటికి ఢిల్లీశ్వరి మార్కులు నలభై ఒకటికి దిగాయి. నీలవేణికి తొంభై ఎనిమిది ఉన్నాయి. చీటీల మీద పరిచయమైన కొద్ది జంటలు వేర్వేరు వరుసలలో దూరంగా కూర్చున్నందున, ఇంగ్లండులో వినిపించేది రోజుకు రెండు వందల నలభై సార్లు "కోల్డ్ టుడే" అన్న మాట ఒక్కటే. ఢిల్లీశ్వరి ఇంక ఒక్కసారి నోరు జారవచ్చు. రెండోసారి జారితే పట్టా లేదు. మరునాడు ఉదయం పళ్ళు తోముకుంటూ ఆమె నియమావళిని మళ్ళీ మొదటి నుంచి చదివి, పంతొమ్మిదో సూత్రం దగ్గర ఆగింది.

"పరిచయము లేకున్నను ఇతరుల శునకముతో సంభాషించుట మర్యాదయే. శునకము తరఫున దాని యజమానుడు బదులు చెప్పవచ్చును."

ఆమె బ్రష్షు నోట్లో ఉండగానే గేటు దగ్గరికి పరుగెత్తింది. కాపలాదారు లండ తవుడు బెంచీ మీద ఉన్నాడు. బెంచీ కింద అతని కుక్క దొరబాబు ఉంది.

"తవుడు మావా, నీ కుక్కనోపాలి ఇస్తావేటి?"

"దొరబాబునా? ఎందుకమ్మా?"

"పైన ఇంగ్లీసు మాటాడ్డానికి."

"ఆడికి తెలుగే సరింగా రాదు తల్లీ."

"రావక్కల్లేదు మావా. కూకుని ఊరుకుంతే సాలు."

"అదయితే ఆడు బాగా సేస్తాడు," అన్నాడు తవుడు, తాడు ఆమె చేతికిస్తూ.

తాడు ఎవరి చేతిలో ఉంటే వారే యజమాని. ఇంగ్లండులోకి వెళ్ళగానే ఢిల్లీశ్వరి తాడును నీలవేణి చేతిలో పెట్టి, కుక్క ఎదుట నేల మీద కూర్చుంది.

"గుడ్ మార్నింగ్, దొరబాబూ. వాట్ డిడ్ యూ ఈట్?"

నీలవేణి గోడ వైపు, భువనేశ్వరరావు వైపు, నియమావళి వైపు చూసింది. తరువాత కుక్క తరఫున బదులు చెప్పింది.

"ఐ ఏట్ హాస్టల్ ఇడ్లీ. వెరీ హార్డ్. మై టీత్ ఆర్ పెయినింగ్."

భువనేశ్వరరావు లేచారు, పంతొమ్మిదో సూత్రం తీసి చదువుకున్నారు, కూర్చున్నారు. ఆ సూత్రం ఆయన స్వయంగా డైరీ చూసి రాసినదే.

వారం తిరిగేసరికి దొరబాబుకు సమయపట్టిక అవసరమైంది. ఒక్కొక్క తరగతికి నలభై ఐదు నిమిషాలు కేటాయించారు. ఒకేసారి ఆరు తాళ్ళు కట్టి ఆరుగురు యజమానులు ఆరు దిక్కులా కూర్చునేవారు. వాణిజ్యశాస్త్రం వారు అతనికి జమాఖర్చులు వివరించారు. ఒక కుర్రవాడు తన ప్రేమ వ్యవహారమంతా చెప్పుకోగా, తాడు పట్టుకున్న అమ్మాయి కుక్క తరఫున ఒప్పుకోలేదు. ఢిల్లీశ్వరి మాత్రం రోజూ రక్తపరీక్షల కాగితాలు తెచ్చుకునేది.

"హలో డాక్టర్ దొరబాబూ, హిమోగ్లోబిన్ సెవెన్ పాయింట్ టూ. యువర్ పేషెంట్ ఈజ్ వెరీ వీక్."

"హౌ మెనీ ప్లేట్‌లెట్స్?" అనేది నీలవేణి.

ఇరవై రోజులలో శునక సంభాషణలు పదకొండు వందల నలభై జరిగినట్టు భువనేశ్వరరావు పుస్తకంలో ఉంది. విద్యార్థులు తడుముకోవడం తగ్గింది. దీనిని ప్రిన్సిపాల్ స్వయంగా తలుపు సందులోంచి గమనించి, "సదరు శునకం సేవలను క్రమబద్ధీకరించవలసి ఉన్నది" అన్నారు. దొరబాబును వనరుల నిపుణుడిగా నియమించి, ఫొటోతో గుర్తింపు కార్డు మెడలో వేశారు. హాజరు యంత్రం మీద కాలు పెట్టించే బాధ్యత తవుడికి అప్పగించారు. యంత్రం మూడు రోజులు కాలిని గుర్తించలేదు. నాలుగో రోజున తవుడు ఒక కాగితం పట్టుకుని ఢిల్లీశ్వరి దగ్గరికి వచ్చాడు.

"మూడ్రోజులు రాలేదని ఆడికి మెమో ఇచ్చేరమ్మా. ఆడు ఈ గేటు దాటి ఎక్కడికెల్లేడు సెప్పు? సంజాయిసీ ఏటని రాయాలి?"

"జొరమొచ్చిందని రాసెయ్యి మావా."

"అయితే డాకటేరు సిట్టీ అడుగుతారు."

డాక్టరు చీటీ వ్యవహారం తేలక ముందే ప్రమాణాల పరిశీలన సంఘం వచ్చింది. సభ్యులు ముగ్గురు. వారు ఇంగ్లండులోకి అడుగు పెట్టిన సమయానికి దొరబాబు చుట్టూ నలభై మంది ఇంగ్లీషులో వాదించుకుంటున్నారు. సంఘం అధ్యక్షుడు అది విని, ఆనందించి, ప్రిన్సిపాల్‌ను మెట్ల మీదికి తీసుకువచ్చి అడిగారు.

"నిపుణుల అర్హత పత్రాలు జతపరచలేదు. వారు ఏ విశ్వవిద్యాలయం?"

"వారు స్థానికులు. గేటు దగ్గర ఉంటారు."

"బోధనలో ఉన్నవారికి స్నాతకోత్తర పట్టా, అందులో యాభై ఐదు శాతం మార్కులు ఉండితీరాలి."

"వారు బోధించరు. వింటారు."

"తరగతి గదిలో వినేవారిని విద్యార్థి అంటాము. అట్లయితే ప్రవేశ దరఖాస్తు, పదో తరగతి ధ్రువపత్రం చూపండి."

ఏదీ లేకపోవడంతో దొరబాబును నలభై ఒకటో రోజు సాయంత్రం విధుల నుంచి తప్పించారు. ఉత్తర్వును అతని ఎదుట చదివి వినిపించి, ముట్టినట్టుగా తవుడి సంతకం తీసుకున్నారు. ఖాళీని ప్రకటన ద్వారా భర్తీ చేస్తామని, కుక్కలు నేరుగా దరఖాస్తు చేయరాదని నోటీసు పెట్టారు. నలభై రెండో రోజు నుంచి ఇంగ్లండు మళ్ళీ నిశ్శబ్దమైంది.

యాభై ఎనిమిదో రోజున ఆసుపత్రి ఇంటర్వ్యూ. నిమజ్జనానికి పరాకాష్ఠగా దానిని ఇంగ్లండులోనే జరపాలని కళాశాల పట్టుబట్టింది. అర్హులు పన్నెండుగురు. మార్కులకు ప్రాధాన్యమిస్తామని ఆసుపత్రి లేఖలో ఒక వాక్యం ఉన్నందువల్ల, ఒక్క మార్కు పోయినా ఉద్యోగం పోతుందని పదకొండుగురు నిశ్చయించుకున్నారు. లేఖ రాసిన అధికారిని ప్రిన్సిపాల్‌కు ఎప్పుడో ఒక సభలో ఎవరో పరిచయం చేశారు. ఆయన వస్తే అభ్యర్థులను పరిచయం చేయడానికి చిక్కు లేదు. అయితే ఆయనకు నడుము పట్టేసింది. ఆయన బదులు శ్రీమతి ఫ్లోరెన్స్ రత్నకుమారి వచ్చారు.

ఆమెను ప్రిన్సిపాల్ ఎరగరు. కనుక ఆమెతో మాట్లాడలేరు. కనుక ఎవరినీ ఆమెకు పరిచయం చేయలేరు. ఆయన గది మూలన కుర్చీలో కూర్చుని, "తామెవరో తెలియజేయగలరు" అని ఒక కాగితం అటెండరు ద్వారా ఆమె బల్ల మీదికి పంపారు. ఆమె తన పేరు, హోదా రాసి తిప్పి పంపారు. రెండో సూత్రం ప్రకారం ఇది తనను తాను పరిచయం చేసుకోవడం కనుక ఆ కాగితాన్ని ఫైలులో ఉంచారు.

మొదట నీలవేణి వెళ్ళింది. పేరేమిటని రత్నకుమారి ఇంగ్లీషులో అడిగారు. నీలవేణి వినయంగా చూసింది. ఏం చదివావని అడిగారు. నీలవేణి ఇంకా వినయంగా చూసింది.

"భయపడకమ్మా, తెలుగులో చెప్పు పోనీ," అన్నారు రత్నకుమారి.

చివరికి నీలవేణి తొమ్మిదో సూత్రాన్ని వాడుకుంది.

"కోల్డ్ టుడే."

బయట నలభై రెండు డిగ్రీలు. రెండో అభ్యర్థి కూడా చలిగా ఉందన్నాడు. మూడో అభ్యర్థీ అదే అన్నాడు. ఆరో అభ్యర్థి దగ్గర రత్నకుమారి లేచి అతని నుదురు తాకి చూశారు. పదకొండో అభ్యర్థి వెళ్ళాక తన కాగితం మీద "అందరికీ చలి. మలేరియా పరీక్ష అవసరం" అని రాసుకుని, పెన్ను మూత పెట్టబోతూ, పన్నెండో పేరు పిలిచారు.

ఢిల్లీశ్వరి వచ్చి నిలుచుంది. భువనేశ్వరరావు పుస్తకంలో ఆమె పేజీ తీసి పెన్సిలు పట్టుకున్నారు. ఆమెకున్నది ఒక్క ఉల్లంఘన. నోరు తెరిస్తే అది అయిపోతుంది. మూస్తే మరి తెరవడానికి లేదు. ఆమె ఊపిరి నిండుగా తీసుకుని మొదలుపెట్టింది.

పేరు చెప్పింది, ఊరు చెప్పింది, సూక్ష్మజీవశాస్త్రం అంటే ఎందుకిష్టమో చెప్పింది, మైక్రోస్కోపు కింద తెల్లకణాలను లెక్కపెట్టే పద్ధతి చెప్పింది, అమ్మ వేళ్ళ సంగతి చెప్పింది, అక్కడ కూర్చోవలసిన పీట గురించి చెప్పింది, డాక్టర్ దొరబాబుకు ప్లేట్‌లెట్లు ఎలా చదివి వినిపించేదో చెప్పింది. తప్పులున్నాయి, వాటి కోసం ఆగలేదు. ఊపిరి ముక్కుతో తీసుకున్నది. రత్నకుమారి రెండుసార్లు ప్రశ్న వేయబోయి, సందు దొరకక, మూడోసారి ప్రశ్నను కాగితం మీద రాసి ముందుకు జరిపారు. ఢిల్లీశ్వరి దాన్ని చదివి, మాట తెగకుండానే బదులు చెప్పింది. తరువాత ఒక రోగి రక్తపరీక్ష కాగితం జరిపారు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టు చెయ్యి పెట్టి ఆమె దాన్ని ఆసాంతం చదివి, పొటాషియం ఎక్కువగా ఉంది కనుక వెంటనే చూడాలని డాక్టరుకు చెప్పింది. అటెండరు మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె గ్లాసు ఎత్తి, చూసి, దించింది.

ముప్పై నాలుగు నిమిషాలయ్యాక రత్నకుమారి నవ్వుతూ ఫైలు మూసి లేచారు. ఢిల్లీశ్వరి మాట ఆపలేదు. ఇంగ్లండులో వీడ్కోలు చెప్పడానికి మళ్ళీ నోరు తెరిచే హక్కు ఆమెకు లేదు. ఆమె రత్నకుమారి వెనకే హాలు దాటింది, కప్పల అలమర దాటింది, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలంటే తనకు అభ్యంతరం లేదని చెబుతూ బోర్డు దాటింది. వెనక భువనేశ్వరరావు పుస్తకంతో నడిచారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆమె ఆగింది.

"ఓలమ్మా, నీళ్ళు," అంది.

"ఎందుకమ్మా అంత ఆయాసపడ్డావు? నేనెక్కడికీ పోను కదా," అన్నారు రత్నకుమారి, తన సీసా ఇస్తూ.

భువనేశ్వరరావు గడియారం చూసి, ఒక ఉల్లంఘన అని రాసి, ఒక మార్కు తగ్గించారు.

అరవయ్యో రోజు ఫలితాలు ప్రకటించారు. రెండు వందల నలభై మందీ ఉత్తీర్ణులయ్యారు. నూటికి నూరు వచ్చినవారు నూట పదకొండు మంది. అందరికంటె తక్కువ, నలభై, బగాది ఢిల్లీశ్వరికి వచ్చాయి. జూన్ మూడో తేదీన ఆమె విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరింది. మిగిలిన పదకొండుగురికి ఆసుపత్రి ఖర్చు మీద మలేరియా పరీక్ష జరిగింది, ఎవరికీ లేదు.

అదే వారంలో పాఠ్యమండలి సమావేశమైంది. నిమజ్జనం వల్ల ఒక విద్యార్థినికి ఉద్యోగం లభించినందున కార్యక్రమాన్ని నూట ఇరవై రోజులకు పొడిగించాలని, ఉల్లంఘనకు ఇచ్చిన నిర్వచనాన్ని రద్దు చేసి ఇకమీదట మాటకొక మార్కు చొప్పున తగ్గించాలని రెండు తీర్మానాలు వచ్చాయి. సమావేశం ఇంగ్లండులో జరిగింది. ఎవరూ మాట్లాడలేదు. రెండూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి.